బొమ్మ అడుగున ఏమున్నది?

బెల్జియం చిత్రకారుడు పెయో 1958లో సృష్టించిన నీలి మరుగుజ్జులు ‘స్మర్ఫ్’లు. జర్మనీకి చెందిన ష్లైష్ సంస్థ 1965 నుండి వాటిని పి.వి.సి. బొమ్మలుగా పోతపోసింది. వీటిని సేకరించే పాఠకులకు మా మనవి: ముందుగా అడుగుభాగాన్ని చూడండి. అక్కడ కనిపించే సంవత్సరం సాధారణంగా నమూనా హక్కుది. బొమ్మ తయారైన ఏడాది కానక్కరలేదు. ఒకే అచ్చు ఏళ్ల తరబడి పనిచేస్తుందని యంత్రశాల ఎరిగిన మనకు వేరే చెప్పాలా! కనుక ‘పశ్చిమ జర్మనీ’, ‘హాంగ్‌కాంగ్’ వంటి ముద్రలను కూడ పరిశీలించవలెను.

అరుదైన రంగని అధిక ధర చెప్పినచో చంక క్రింద, టోపీ మడతలో చూడండి. ఎండకు వెలసిన నీలం అక్కడ ముదురుగానే మిగిలి ఉంటుంది. దుకాణదారు దానినే ‘లేత నీలి రకం’ అనవచ్చును! అనుమానం తీరకుండా డబ్బు చెల్లించవద్దు. జిడ్డు పట్టిన బొమ్మకు గోరువెచ్చని సబ్బునీరు చాలును. థిన్నరు తగిలితే రంగు ఊడిపోతుంది.