చదవలేని కాగితం మీద సంతకం

కాపురం చెడిన ఆడపడుచు కోర్టు మెట్లెక్కడమే కష్టం. హోసూరులోనో, బళ్లారిలోనో, రాయగడలోనో స్థిరపడిన మన కుటుంబాల్లో ఆ కష్టానికి భాష కూడా తోడవుతున్నది. సంతలో బేరమాడేపాటి తమిళం, కన్నడం, ఒడియా మనవారికి వచ్చు. పిటిషనులో ఉండే భాష అది కాదు. అందుకే న్యాయవాది గుమాస్తా వేలుపెట్టి చూపిన చోటల్లా మన బిడ్డలు సంతకాలు చేసి వస్తున్నారు.

దాని ఫలితం ఒక్క మాటలో తెలుస్తుంది. ‘ఉండనివ్వక పుట్టింటికి వచ్చేశాను’ అంటుంది మన అమ్మాయి. రాసేవారి చేతిలో మొదటి మాట జారిపోయి, ‘తనంతట తాను భర్తను విడిచి వచ్చింది’ అన్న అర్థం మిగిలిందనుకుందాం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, తగిన కారణం లేకుండా రెండేళ్లు విడిచి ఉండడం విడాకులకు ఒక ఆధారం. తన సంతకమే తనకు ఎదురు సాక్ష్యమవుతుంది.

కాబట్టి న్యాయవాదిని వెదికేటప్పుడు బోర్డు ఎంత పెద్దదని చూడవద్దు. తెలుగులో చెప్పింది ఓపికగా విని, రాసిన ముసాయిదాను సంతకానికి ముందు తెలుగులో వినిపిస్తారా అని అడగండి. వినిపించనన్నవారికి వకాలతు ఇవ్వవద్దు. ఫీజు ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టించుకోండి. వచ్చే భరణంలో ఇంత వాటా అని అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. న్యాయవాదిని మార్చుకోదలిస్తే, ఫీజు బాకీ పేరుతో కాగితాలు బిగబట్టే హక్కు ఆయనకు లేదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది.

డబ్బు లేదని వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వవచ్చు. 15100కు ఫోను చేయవచ్చు. తెలుగు తెలిసిన న్యాయవాదిని ఇమ్మని ఆ అర్జీలోనే రాయండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

దావా ఎక్కడ వేయాలన్నది సరిహద్దు కుటుంబాలకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మనకు పెళ్లి ఒక రాష్ట్రంలో, కాపురం మరో రాష్ట్రంలో జరగడం మామూలే. పెళ్లి జరిగిన చోట, ఎదుటివారు నివసించే చోట, దంపతులు చివరగా కలిసి ఉన్న చోట దావా వేయవచ్చు. భార్యే వేస్తే, తాను నివసించే చోట కూడా వేయవచ్చునని 2003లో చట్టానికి చేర్చారు. తిరుమలలో పెళ్లి చేసుకున్న హోసూరు జంటకు తిరుపతి కోర్టు కూడా దారే! అక్కడ సాక్ష్యం తెలుగులో చెప్పుకోవచ్చు. అయితే వాయిదా వాయిదాకూ ప్రయాణం తప్పదు. కేసును వేరే రాష్ట్రానికి మార్చమని ఎదుటివారు సుప్రీంకోర్టుకు వెళ్లే అవకాశమూ ఉంది. లెక్క చూసుకుని దిగాలి.

మన ఊళ్లలో ఇంకొక అలవాటుంది. పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అని రాయించి పంపేస్తారు. కులాచారం ప్రకారం విడాకులను చట్టం గుర్తించిన మాట నిజమే. కానీ ఆ ఆచారం అనాదిగా ఉన్నదని కోర్టులో రుజువు చేయవలసి వస్తే ఆ పెద్దమనుషులెందరు వస్తారు? రుజువు కాకపోతే మొదటి పెళ్లి నిలిచే ఉంటుంది, రెండవ పెళ్లి నేరమవుతుంది. ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లికి తొందరపడవద్దు.

ఇద్దరూ ఇష్టపడి విడిపోదలిస్తే ఏడాదిపాటు విడిగా ఉండి ఉమ్మడి పిటిషను వేయాలి. ఆపైన ఆరు నెలల గడువు. తగిన సందర్భాల్లో దాన్ని మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేదాకా సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చు. తెలియక సంతకం చేసినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దావా నడుస్తుండగానే మధ్యంతర భరణమూ, కోర్టు ఖర్చులూ కోరవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉంటారు; ఏ వయసులోనైనా బిడ్డ క్షేమమే గీటురాయి.

ఇదంతా హిందూ వివాహ చట్టం వర్తించేవారికి. క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకు చట్టాలు వేరు. ఫ్రెంచివారి కాలంలో సొంత ఆచార చట్టాన్ని వదులుకున్న రెనోన్సాం కుటుంబాలకు కూడా ఇది వర్తించదు. యానాం పాఠకులు గమనించాలి.

మరి సాక్ష్యం రోజున? సాక్షి చెప్పిన భాష ఒకటి, రాసుకున్న భాష ఆమెకు రానిది మరొకటి అయితే, రాసినదాన్ని ఆమె భాషలో వినిపించాలని సివిల్ ప్రక్రియా స్మృతి 18వ ఉత్తర్వు, 6వ నియమం చెబుతున్నది. ‘నాకు తెలుగులో వినిపించండి’ అని నిలబడి అడగడం అమర్యాద కాదు. బడి కోసం, బస్సు బోర్డు కోసం అర్జీలు రాసిన మనం ఈ నియమాన్ని ఇంతకాలం పట్టించుకోకపోవడం మన లోపమే.

మీ తాలూకా కోర్టులో తెలుగు చదవగల, రాయగల న్యాయవాదులెవరో కనుక్కొని, వారి అనుమతితో మాకు రాయండి. ఆడ న్యాయవాదులుంటే వారి పేర్లు ముందు రాయండి.