ఇంటికంటే ముందు ఇరుగుపొరుగు



మా ముదిగుబ్బ ప్రాంతంలో సేద్యం వానను నమ్ముకున్నది. వాన ముఖం చాటేసి వేరుశనగ చేతికి రాని ఏడాది ఎన్నో కుటుంబాలు ధర్మవరానికో, హిందూపురానికో, అంతకంటే ఎక్కువగా బెంగళూరుకో తరలిపోతుంటాయి. బయలుదేరే ముందు దుఆ కోరుతూ మా వద్దకు వచ్చేవారు కూలి ఎంత, బాడుగ ఎంత అన్న లెక్కలు అప్పటికే వేసుకుని ఉంటారు. ఏ వీధిలో కాపురం పెట్టాలన్న ప్రశ్నను మాత్రం చివరకు వదిలేస్తారు. నిజానికి మొదట అడుగవలసింది అదే. ఇల్లు చూసే ముందు పొరుగును చూడమని అరబ్బులలో ఒక నానుడి ఉన్నది.

ఈ విషయంలో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) దుఆ మనకు చక్కని కొలమానం. ఆయన తన ఇల్లాలిని, పసిబిడ్డను మక్కా లోయలో నిలిపినప్పటి వేడుకోలును ఖుర్ఆన్ 14వ సూరా 35, 37 ఆయతులలో చూడవచ్చు. అందులో మొదట ఆ నగరానికి శాంతిభద్రతలు కోరారు. తర్వాత తన సంతానం నమాజు నెలకొల్పాలన్నారు. ఆపైన ప్రజల హృదయాలు వారి వైపు మొగ్గాలని అర్థించారు. ఫలాలను, అంటే జీవనోపాధిని, అన్నిటికంటే చివర అడిగారు. మనం మాత్రం ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నాము.

భద్రత అంటే దొంగల భయం లేకపోవటం ఒక్కటే కాదు. వీధి మొగలో మద్యం దుకాణం ఉన్నదా, చీకటి పడ్డాక ఆడపిల్ల నిర్భయంగా నడిచి రాగలదా అన్నది చూడాలి.

ఇక నమాజు. మస్జిద్ గోడను ఆనుకునే ఇల్లు ఉండాలన్న నియమం లేదు. మదీనాలో బనూ సలిమా తెగవారు మస్జిద్ దగ్గరకు మారిపోవాలనుకున్నప్పుడు, మీరున్న చోటనే ఉండండి, మీ అడుగులు పుణ్యంగా వ్రాయబడతాయని దైవప్రవక్త (స) వారించారు. పిల్లవాడు మక్తబుకు తానుగా నడిచి వెళ్ళి రాగలిగితే ఆ దూరం చాలు.

మన మొహల్లాలోనే ఉండాలా, అందరూ కలసిమెలసి ఉండే చోటైనా ఫరవాలేదా అని పలువురు అడుగుతుంటారు. పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే యజమానులు నగరాలలో ఉన్నారు. అది బాధాకరమే. అయినా అందరూ అలాంటివారే అనుకోవటం న్యాయం కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని మరీ మరీ అడిగారు. మన ఊళ్ళో పండుగ సేమ్యా పక్కింటికి వెళ్ళటం, వారి చేనులోని వేరుశనగలు మన ఇంటికి రావటం కొత్త కాదు. కనుక పొరుగువారి పేరు కన్నా వారి నడవడిని చూడండి.

ఇల్లాలి మాట తప్పక వినండి. భర్త తెల్లవారగానే పనికి వెళ్ళి రాత్రికి వస్తాడు. ఊళ్ళో ఆమెకు పిలిస్తే పలికే పుట్టిల్లు ఉన్నది. నగరంలో బిడ్డకు జ్వరం వస్తే పక్కింటి తలుపే దిక్కు. హుదైబియాలో దైవప్రవక్త (స) అంతటివారు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహాను స్వీకరించారు. ఆమెకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఉపాధి, ఖర్చుల విషయంలో ఒక హెచ్చరిక. బెంగళూరులో ‘లీజు’ అనే పద్ధతి ఉన్నది. యజమానికి కొన్ని లక్షలు ఒకేసారి ఇచ్చి, రెండు మూడేళ్ళు బాడుగ లేకుండా నివసించి, వెళ్ళేటప్పుడు ఆ మొత్తాన్ని తిరిగి తీసుకుంటారు. పైకి లాభంగానే తోస్తుంది. అయితే తిరిగి రావలసిన ఆ సొమ్ము వాస్తవానికి అప్పు. అప్పు ఇచ్చి దానికి బదులుగా ఉచిత నివాసం పొందటం వడ్డీ క్రిందికి వస్తుందని ఉలమాలు హెచ్చరించారు. చిన్న ఇల్లయినా సరే, నెలనెలా బాడుగ చెల్లించే ఇంటిలోనే బర్కత్ ఉంటుంది. నీటి సంగతీ విచారించండి. 2024 వేసవిలో బోరుబావులు ఎండి ఆ నగరవాసులు ట్యాంకర్ల కోసం పడిన పాట్లు అందరికీ తెలుసు. కర్ణాటక బడులలో కన్నడం తప్పనిసరి గనుక, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలను చేర్చే ముందు ఉపాధ్యాయులతో మాట్లాడండి.

కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్ళే ముందు ఇంటి పెద్ద ఒక్కడే వెళ్ళి రెండు రోజులు అక్కడ ఉండటం మేలు. ఫజ్ర్, ఇషా నమాజులు ఆ మస్జిద్‌లో చేస్తే వీధి ఉదయమూ తెలుస్తుంది, రాత్రీ తెలుస్తుంది. ఇమామ్ గారిని, అంగడి యజమానిని అడిగితే సగం సంగతులు బయటపడతాయి. ఆపైన ఇస్తిఖారా చేసి నిర్ణయించుకోండి.

మంచి పొరుగు కోసం వెదికే మనకు, మనమూ ఎవరికో పొరుగువారమేనన్న స్పృహ ఉండాలి. కొత్త ఇంట పొయ్యి వెలిగించిన రోజున, అన్నిటికంటే దగ్గరగా ఉన్న తలుపు తట్టి మొదటి గిన్నె అక్కడ ఇవ్వండి. అల్లాహ్ మన వలస కుటుంబాలకు శాంతిని, సత్పొరుగును, హలాల్ ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.