గట్టు దాటిన అక్షరము



ఈ నెల మన చేతిలోని ఫోను గురించి మాట్లాడుకుందాము. ఫోను మంచిదా, చెడ్డదా అనే వాదనలోకి మేము పోవడము లేదు. వెబ్ పేజీలను తెరిచి చూపించే బ్రౌజరులో, అక్షరాలను, బొమ్మలను తెర మీద గీసే ప్రోగ్రాములలో ఉండే ఒక జాతి లోపము గురించి చెప్పాలని మా ఉద్దేశము. వేములపల్లి, మిర్యాలగూడ, కోదాడ వైపు పల్లెలలో ధాన్యము డబ్బు పడిన సందేశము నుండి పిల్లల ఫీజు వరకు ఇప్పుడు ఫోనులోనే నడుస్తున్నది. గనుక ఇది పట్నమువారి సంగతిలే అని వదిలివేయదగినది కాదు. పైగా ఈ కథలో మన తెలుగు అక్షరము ఒకటి నిందపడింది.

2018 ఫిబ్రవరిలో దేశదేశాల పత్రికలు ఒక తెలుగు అక్షరము గురించి రాశాయి. అది "జ్ఞా". జ్ఞానము అనే మాటలో మొదటి అక్షరము. దానిని ఒక ప్రత్యేకమైన తీరున టైపు చేసి పంపితే ఆపిల్ కంపెనీవారి ఐఫోనులో వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ వంటివి ఉన్నట్టుండి మూసుకుపోయేవి. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేవి. అదే అక్షరము నోటిఫికేషనుగా తెర మీదికి వస్తే ఫోనే ఆగిపోయి తిరిగి మొదలయ్యేది. అలోహా అనే మొబైల్ బ్రౌజరు తయారుచేసేవారు తమ పని తాము చేసుకొంటూ ఉండగా ఇది వారి కంట పడింది. సంగతి బయటికి పొక్కగానే కొందరు ఆకతాయిలు ఆ అక్షరాన్ని తమ పేర్ల పక్కన తగిలించుకొని, చూసినవారి ఫోన్లు మూతపడుతుంటే నవ్వుకొన్నారు. ఫోన్లను పాడుచేసే అక్షరమని దానికి పేరు పడింది.

ఇంతకీ ఆ అక్షరము చేసిన తప్పు ఏమిటి? ఏమీ లేదు. కంప్యూటరు లెక్కలో అది ఐదు ముక్కలు. మొదట జ, తరువాత పొల్లు, తరువాత ఞ, ఆ తరువాత కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘము. ఆ కనబడని గుర్తు కూడ దొంగది కాదు. రెండు అక్షరాలు కలిసిపోయి ఒత్తుగా మారకుండా విడదీయడానికి తెలుగులో దానితో రోజూ పని పడుతుంది. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. ఆ గుర్తు లేకుండా మనము మామూలుగా రాసే జ్ఞా వలన ఏ ఫోనుకూ హాని జరగలేదు. ఐదు ముక్కలూ ఆ వరుసలో వచ్చినప్పుడు మాత్రమే, వాటిని తెర మీద గీసే ఆపిల్ ప్రోగ్రాము లెక్క తప్పి మెమరీని చెడగొట్టుకొన్నది. ఇది మెమరీ లోపమేనని ఆపిల్ వారే చెప్పారు. లోపలికి వచ్చే అక్షరాలను మరింత జాగ్రత్తగా పరీక్షించేటట్లు సరిచేసి, ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే కొత్త వెర్షను విడుదల చేశారు. నింద మన అక్షరము మీద పడింది గాని మరమ్మతు జరిగింది ఫోనుకు.

గండి ఎలా పడుతుంది?

మెమరీ అంటే ఫోను పని చేసేటప్పుడు తనకు కావలసినవన్నీ తాత్కాలికముగా పెట్టుకొనే చోటు. మన సాగర్ ఆయకట్టు పొలము వంటిదనుకోండి. మడి పక్కన మడి, మధ్య గట్టు. ఒక మడిలో అక్షరాలు, ఒక మడిలో బొమ్మ, ఇంకొక మడిలో ప్రోగ్రాము తరువాత చేయవలసిన పనుల ఆజ్ఞలు. ఒక మడిలో పట్టేదానికంటే ఎక్కువ నీరు పెడితే అది గట్టు మీదుగా పొర్లి పక్క మడిలో పడుతుంది. అక్కడ నిన్ననే నారు వేసి ఉంటే ఆ నారు పోయినట్లే.

2022 సెప్టెంబరులో నిడమనూరు మండలములో సాగర్ ఎడమ కాలువకు గండి పడిన సంగతి ఈ ప్రాంతమువారు మరచిపోలేదు. 2024 సెప్టెంబరు ఆరంభములో కుంభవృష్టికి నడిగూడెం మండలములో అదే కాలువ మళ్లీ తెగింది. ఆ నీరు చెడ్డ నీరా? దాని కోసమే కదా మనము ఎదురు చూసేది. హద్దులో ఉన్నంతసేపు పంట పండించిన నీరే హద్దు దాటితే పంటను ముంచింది. ఫోనులో కూడ అంతే. అనుకోకుండా పొర్లితే ప్రోగ్రాము మూతపడుతుంది. ఇది మేలైన కీడు. దొంగ అయితే ఊరికే పొర్లించడు. ఎంత పొర్లితే పక్క మడిలో ఏది పడుతుందో ముందే లెక్క వేసి, తన ఆజ్ఞలనే అందులో కలిపి పంపుతాడు. అప్పుడు ఫోను మూతపడదు. మన చేతిలోనే ఉండి, మనకు తెలియకుండా వాని మాట వింటుంది.

ఇంకొక రకము కూడ ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేసిపోయినవాడు తాళపుచెవి తిరిగి ఇవ్వలేదనుకోండి. తరువాత ఆ ఇంటిలోకి వేరే కుటుంబము దిగింది. పాతవాడు ఆ చెవితో లోపలికి వచ్చి తన సామానే అనుకొని వారి సామాను ముట్టుకొంటాడు. బ్రౌజరు కూడ ఒక చోటు ఖాళీ చేసి, ఆ చిరునామా మరచిపోకుండా మళ్లీ అక్కడికే వెళ్లి చెయ్యి పెడుతుంది. క్రోమ్ బ్రౌజరులో దొరికిన తీవ్రమైన భద్రతా లోపాలలో సుమారు 70 శాతము మెమరీకి చెందినవేనని, వాటిలో సగము ఈ పాత తాళపుచెవి రకమేనని దానిని తయారుచేసేవారే 2020లో లెక్క చెప్పారు.

మీరు ఏదీ నొక్కకపోయినా ప్రమాదము ఎలా వస్తుందో 2023 సెప్టెంబరులో తెలిసింది. వెబ్‌పి అనేది గూగుల్ వారు 2010లో తెచ్చిన ఒక బొమ్మల రకము. వెబ్ పేజీలలో మనము చూసే బొమ్మలలో కొన్ని ఆ రకమువే. అటువంటి బొమ్మను విప్పేటప్పుడు ప్రోగ్రాము లోపల ఒక పట్టిక వేసుకొంటుంది. కావాలని వంకరగా తయారుచేసిన బొమ్మ వస్తే ఆ పట్టిక తనకిచ్చిన చోటులో పట్టక పొర్లిపోయేది. ఆపిల్ భద్రతా విభాగమువారు, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన సిటిజన్ ల్యాబ్ వారు ఆ లోపమును పట్టి చెప్పారు. అప్పటికే దొంగలు దానిని వాడుకొంటున్నారని గూగుల్ ఒప్పుకొన్నది. సెప్టెంబరు 11న క్రోమ్‌కు, మరునాడు ఫైర్‌ఫాక్స్‌కు మరమ్మతులు వచ్చాయి. బొమ్మను చూపించే ముక్క ఒక్కటే, దానిని వాడే యాప్‌లు అనేకము. గనుక ఒక్కచోట పడిన గండి ఒకేసారి ఎన్నో ఇళ్లకు ముప్పు తెచ్చింది.

బాధ్యత ఎవరిది?

ఈ జబ్బు కొత్తది కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము ఒక కంప్యూటరు నుండి ఇంకొకదానికి పాకి వేలకొలది కంప్యూటర్లను కుంటుపరచింది. అది వాడుకొన్న దారులలో ఈ పొర్లు దారి ఒకటి. మరి ఇన్ని సంవత్సరాలైనా ఎందుకు పోలేదు? 1972 ప్రాంతములో పుట్టిన సి అనే కంప్యూటరు భాష, దాని తరువాత వచ్చిన సి ప్లస్ ప్లస్ చాలా వేగమైనవి. బ్రౌజర్లు ఎక్కువ భాగము వీటితోనే రాయబడ్డాయి. అయితే మడికి గట్టు ఉన్నదో లేదో ఆ భాష తనంతట తాను చూడదు. ఆ జాగ్రత్త రాసేవాని మీదనే వదిలివేస్తుంది. ఎంత నేర్పరి అయినా లక్షల వరుసలు రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట ఏమరుతాడు.

ఇల్లు కట్టినవాడు మేడ మీద పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండములో ఒక ఆజ్ఞ ఉన్నదని మీరెరుగుదురు. ఎవడైనా పడితే ఆ దోషము ఇంటి మీదికి రాకుండా అది ఇవ్వబడింది. పడినవాడు చూచుకొని నడవలేదని ఆ ఆజ్ఞ అనలేదు. కట్టినవానినే అడిగింది. ఫోన్లు కట్టేవారినీ మనము అలాగే అడగాలి. ఇప్పుడిప్పుడే వారు వింటున్నారు. 2015లో మొదటి పూర్తి వెర్షను వచ్చిన రస్ట్ అనే భాష గట్టు సరిచూడనిదే ప్రోగ్రామును ముందుకు సాగనివ్వదు. ఆండ్రాయిడ్‌లో కొత్త భాగాలు ఇటువంటి భాషలలో రాయడము మొదలుపెట్టిన తరువాత, 2019లో దాని భద్రతా లోపాలలో 76 శాతముగా ఉన్న మెమరీ లోపాలు 2024కు 24 శాతానికి దిగినవని గూగుల్ ప్రకటించింది. కట్టేవాడు మనసు పెడితే పిట్టగోడ లేవడము సాధ్యమేనని దీనినిబట్టి తెలుస్తున్నది.

మనము చేయవలసినది

మరమ్మతు పంపడము వారి పని. దానిని ఇంటిలోకి రానివ్వడము మన పని. అప్‌డేట్ అని వచ్చినప్పుడల్లా డేటా అయిపోతుందని పక్కకు తోసే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. మరమ్మతు ప్రకటించిన రోజున గండి ఎక్కడ ఉన్నదో దొంగలకు కూడ తెలిసిపోతుంది. ఆ తరువాత వారు వెదికేది దానిని వేసుకోనివారినే.

గనుక మీ ఇంటిలోని ప్రతి ఫోనులో ప్లే స్టోర్ తెరవండి. పైన మీ గుర్తు నొక్కి, మేనేజ్ యాప్స్ అండ్ డివైస్ అనే చోట చూడండి. క్రోమ్‌కు, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే దానికి, వాట్సాప్‌కు అప్‌డేట్ ఉంటే వేయండి. వెబ్‌వ్యూ మనకు కనబడదు గాని, చాలా యాప్‌లు తమ లోపల పేజీలు చూపించేది దాని ద్వారానే. ఐఫోను ఉన్నవారు సెట్టింగ్స్‌లో జనరల్, దానిలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చూడాలి. ఏదో పేజీ తెరిచినప్పుడు "మీ బ్రౌజరు పాతది, ఇక్కడ నొక్కండి" అని కనబడితే మాత్రము నొక్కకండి. మరమ్మతు రావలసిన దారి ప్లే స్టోర్, ఫోను సెట్టింగులు మాత్రమే.

పాత ఫోన్ల సంగతి కూడ ఆలోచించాలి. పట్నములో ఉద్యోగము చేసే కొడుకు కొత్తది కొనుక్కొని, పాతది అమ్మకో నాన్నకో ఇచ్చిపోతాడు. ప్రేమతోనే ఇస్తాడు. అయితే 2025 నుండి ఆండ్రాయిడ్ 10 కంటే పాతవాటికి క్రోమ్ కొత్త వెర్షన్లు రావడము ఆగిపోయింది. అటువంటి ఫోను మాట్లాడుకోవడానికి, పాటలు వినడానికి ఉంచుకోండి. బ్యాంకు యాప్, ఫోన్‌పే వంటివి అందులో ఉంచవద్దు. పింఛను డబ్బు, ధాన్యము డబ్బు పడే ఖాతాను మరమ్మతు అందే ఫోనుకే కట్టండి. పిల్లలారా, ఈ ఒక్క పని మీ పెద్దలకు మీరే చేసి పెట్టండి.

ఇంత చెప్పి మిమ్మును భయపెట్టడము మా ఉద్దేశము కాదు. లోతైన ఈ గండ్లను మొదట వాడుకొనేవారు ఎక్కువగా విలేకరుల మీద, నాయకుల మీద, హక్కుల కోసము పని చేసేవారి మీద గురి పెడతారు. మన పల్లెలలో డబ్బు పోతున్నది ఎక్కువగా ఇంకా సులువైన దారులలో. బ్యాంకునుండి అని ఫోను చేసి ఓటీపీ అడగడము, ప్రభుత్వ పథకము పేరుతోనో చలానా పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపడము ఆ దారులు. దొంగ తలుపు పగలగొట్టనక్కరలేదు, మనమే గడియ తీస్తున్నాము. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఏపీకే ఎవరు పంపినా వేయవద్దు. డబ్బు పోతే సిగ్గుపడి దాచక వెంటనే 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశము అంత ఎక్కువ.

ఇక ఆ అక్షరము సంగతి. 2018 తరువాత కొందరు పిల్లలు తెలుగులో టైపు చేస్తే ఫోను పాడవుతుందని అనుకొన్నారు. అది నిజము కాదని వారికి చెప్పండి. తెలుగులో రాసేవారు, చదివేవారు ఎక్కువైతేనే తయారుచేసేవారు మన అక్షరాలను ముందే పరీక్షించి చూస్తారు. గనుక మీ పిల్లలకు ఉత్తరమో సందేశమో తెలుగులోనే రాయండి. జ్ఞానము అనే మాట అందులో నిర్భయముగా రాయండి.