ఏం కాదులే



సంక్రాంతి సెలవులకు కంకిపాడులో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, పిల్లలు నన్ను కూర్చోబెట్టి ఒక బొమ్మల సినిమా చూపించారు. పేరు ‘టూ వీక్స్ వెకేషన్’. 1952లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసినది, ఆరేడు నిమిషాలే. గూఫీ అనే అమాయక ఉద్యోగి రెండు వారాల సెలవు దొరికిందని సంబరంగా కారులో బయలుదేరుతాడు. దారిలో కారు మొరాయిస్తుంది. రాత్రి తలదాచుకుందామంటే గది దొరకదు. చివరకు పోలీసులు జైలులో వేస్తారు. అక్కడ గాని పాపం అతనికి విశ్రాంతి చిక్కదు! పిల్లలు పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. పండుగ రద్దీలో పెట్టెలు మోసుకుంటూ బస్సెక్కి వచ్చినవాణ్ణి, నవ్వనా మరి?

ఇంతలో మా మేనల్లుడు, “మామయ్యా, రేపు బెజవాడ వెళ్లి బోటెక్కుదాం” అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది.

2017 నవంబరు 12 మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కార్తీకమాసం, ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుండి సరదాగా వచ్చినవారు. ఆ బోటుకు అనుమతి లేదు. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. రెండేళ్లు తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. గూఫీ ఎన్ని పాట్లు పడినా మరో సినిమాకు తయారుగా ఉంటాడు.

ఎవరినో తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. చాలా ఏళ్ల క్రితం, క్రిస్మస్ సెలవులలో, సండే స్కూలు పిల్లలను తోట్లవల్లూరు వైపు లంకలకు వనభోజనానికి తీసుకువెళ్లింది నేనే. పడవ నిండిపోయింది. “అయ్యగారూ, సగంమందిని దించండి, మళ్లీ వచ్చి తీసుకెళ్తాను” అన్నాడు పడవవాడు. వంట ఆలస్యమవుతుందని నా తొందర. “దేవుడున్నాడు, ఏం కాదులే, పోనీయ్” అన్నాను. నడిమధ్య పడవ ఒక ప్రక్కకు ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. ఒక చిన్నపిల్ల నా చొక్కా పట్టుకొని వదలలేదు. ఎలాగో ఒడ్డు చేరాము. ఆ పూట నాకు అన్నం సహించలేదు. పిల్లల తల్లిదండ్రులతో మాత్రం “బాగా జరిగింది” అని చెప్పాను. ఇన్నాళ్లకు ఇక్కడ నిజం వ్రాస్తున్నాను.

మర్నాడు బెజవాడ వెళ్లాము. మేము పదమూడుగురం. బోటు దగ్గర చూస్తే ఎనిమిది జాకెట్లే ఉన్నాయి. “పది నిమిషాల పనే గదా, ఎక్కండి బావగారూ” అని మా మరిది తొందరపెట్టాడు. నేను ససేమిరా అన్నాను. రెండు దఫాలుగా వెళ్లాము. రెండవ జట్టులో పడిన మా మేనల్లుడు గట్టున కూర్చొని, మూతి ముడుచుకొని, పులిహోర అంతా ఖాళీ చేశాడు.