శత్రువు వెనుదిరిగితే...

సంక్రాంతి అంటే మీకు ముగ్గులు, అరిసెలు, కొత్త సినిమాలు. మా ఇంట్లో వీటన్నిటికంటే ముందు గళ్ళ నుడికట్టు. పండుగ ప్రత్యేక సంచిక రావడం, నాన్నగారు పడక్కుర్చీలో వాలి పెన్సిలు చెక్కుకోవడం... అదీ మాకు భోగి. 1977 జనవరి 14న ‘దాన వీర శూర కర్ణ’, ‘కురుక్షేత్రం’ ఒక్కరోజే విడుదలైతే మా ఊరు ఊరంతా రెండు పార్టీలైపోయింది. నాన్నగారు మాత్రం ఏ పార్టీలోనూ చేరలేదు. ఆయనకింకా పదకొండు అడ్డం తేలలేదు!

సినిమా పత్రికలో ఈ గళ్ళ గొడవేమిటని విసుక్కోకండి. మన సినిమాకు పాటలు రాసిన శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ గళ్ళు కట్టినవారే. పాట రాసేవాడికైనా, గడి కట్టేవాడికైనా తెలియాల్సింది ఒకటే: ఒక్క మాట చేత ఎన్ని వేషాలు వేయించవచ్చో! ‘కర్ణ’లో రామారావుగారు కర్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే, కృష్ణుడూ తానే అయ్యారు చూడండి, అలాగన్నమాట. ఆ మాటకొస్తే ఈ ఆట పుట్టిందే పండుగపూట. ఆర్థర్ విన్ అనే ఆయన న్యూయార్కు వరల్డ్ పత్రికలో మొట్టమొదటి పజిల్ వేసింది 1913 డిసెంబరు 21న, క్రిస్మస్ ముందు ఆదివారం. అందులో మెలికలేమీ లేవు. అర్థం ఇస్తారు, మాట రాయాలి. మెలికలు పెట్టిన పుణ్యం తర్వాత ఇంగ్లండువాళ్ళది.

సరే, ఈ ఏటి సంగతి. పండక్కి అమ్మ దగ్గరకు వెళుతూ ఒక ప్రత్యేక సంచిక కొనుక్కుపోయాను. అమ్మకు అచ్చక్షరాలు కనబడటం మానేసి మూడేళ్ళయింది. నేను వరండాలో కూర్చుని ఆధారాలు పైకి చదువుతుంటే ఆవిడ బియ్యంపిండి జల్లిస్తూ వింటోంది. వినడమే అనుకున్నాను.

‘జైలుకు పోతే తీపి, మూడక్షరాలు.’ చెర అంటే జైలు. దానికి ‘కు’ తగిలిస్తే చెరకు! ‘పల్లెటూరి బాబాయి కేకేసె, మన నోరు తీపి చేసె.’ మనం అరిచె అంటాం, ఆయన అరిసె అంటాడు. ఇలాంటివి తగిలితే ఆ కట్టినవాడెవరో పిలిచి కాఫీ ఇవ్వాలనిపిస్తుంది. ‘మంట దగ్గరికొచ్చిన పాము, రెండక్షరాలు.’ దీనికి అరగంట పట్టింది. పాముకు భోగి అనే పేరుందని తెలుగు మాస్టారు చెప్పిన రోజున నేను మార్నింగ్ షోలో ఉన్నాను కాబోలు. ‘కొండల మధ్య దారి మూడోనాడు వచ్చింది’ అంటే కనుమ. ‘కనుమనాడు భుజాలెక్కే వెలుగు’ ప్రభ. కోనసీమలో జగ్గన్నతోట తీర్థం చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ‘కోతికి నౌకరు, నెత్తిన గిన్నె, నాలుగక్షరాలు.’ హరి అంటే కోతి అనే అర్థమూ ఉంది, దాసు సరేసరి. హరిదాసు నిలువుగా దిగాడు.

ఇక్కడొక మాట. ఇంగ్లీషులో గడికో అక్షరం, ఇరవయ్యారింటితో పని సరి. మనకు గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఒకే గడిలో సర్దుకు కూర్చోవాలి. అందుకని మాటను వెనక్కి తిప్పితే ఇంకో మాట రావడం మనకు బహు అరుదు. వచ్చిందంటే కట్టినవాడు వదిలిపెట్టడు. ఆ సంగతి తెలిసి ఉండీ నేను బోల్తా పడ్డాను.

మిగిలింది ఒక్కటే. ‘శత్రువు వెనుదిరిగితే ధాన్యం భద్రం, రెండక్షరాలు.’ రెండో గడిలో హరిదాసుగారి ‘రి’ సిద్ధంగా ఉంది. ఇంకేం! ధాన్యం అన్నాడుగా, వరి. అరి అంటే శత్రువు. అరి తల మార్చుకుంటే వరి. పెన్సిలు పక్కన పెట్టి పెన్నుతో రాసేశాను.

“అయిపోయిందే అమ్మా! వరి.”

జల్లెడ ఆగింది. “వెనుదిరగడం ఏమయిందిరా?”

“అదా... ఏదో తిరిగాడులే.”

“భద్రం అని ఎందుకన్నాడు మరి?”

“అందానికి అని ఉంటాడు.”

“అందానికి అంటారుట్రా ఎక్కడన్నా? ఒక్క మాట కూడా ఊరికే ఉండదని మీ నాన్న పోరేవారు. వరి కాదు, పురి. రిపువును వెనక్కి తిప్పు.”

నేను గింజుకున్నాను. పురి అంటే పట్టణం. తాడుకు వేసే మెలిక. నెమలి విప్పేది. మూడు వేషాలూ నాకు తెలుసు, మూడింట్లోనూ ధాన్యం లేదు! అమ్మ నవ్వింది. వాళ్ళ నాన్నగారి ఇంటి దొడ్లో పురి ఉండేదట. గడ్డితో లావుపాటి తాడు పేని, చుట్ట మీద చుట్ట వేసుకుంటూ పోతారట. చుట్ట లేచినకొద్దీ లోపల ధాన్యం పోస్తారు. పైన గడ్డి కప్పు. దాని మీదికెక్కి చిన్నప్పుడు తన్నులు కూడా తిన్నదట. పురి కట్టడం పూర్తయిన రోజున వాళ్ళమ్మ వండిన పరమాన్నం దాకా చెప్పుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ కబుర్లు నేనెప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్నగారు పడక్కుర్చీలోంచి వంటింటికేసి కేకలు వేసేవారు. “ఏమోయ్, ధాన్యం కొలిచేది, రెండక్షరాలు!” లోపలినుంచి అమ్మ “కుంచం” అనేది. “నేనూ అదే అనుకున్నా” అనేవారాయన. పిల్లలం మేం నాన్నగారు అమ్మకు పరీక్ష పెడుతున్నారనుకునేవాళ్ళం. ఒకసారి ఆయనకు ఏడాది చందా బహుమతిగా వచ్చింది. పత్రికలో పేరు కూడా వేశారు, శ్రీ అని మొదలుపెట్టి. ఆ పేజీని వీధంతా తిప్పి చూపించింది నేనే.

“కుంచం నువ్వేగా చెప్పింది?” అన్నాను.

“ఎన్ని కుంచాలో! ఆ భారతాలూ, సంస్కృతాలూ ఆయనవి. పొలం, పొయ్యి నావి.”

వరి మీద పెన్నుతో అడ్డగీత కొట్టి, మార్జిన్లో పురి అని రాశాను. కొట్టివేతలుంటే చెల్లదని నిబంధనల్లో ఉంది. బజారుకు పోయి ఇంకో కాపీ కొనుక్కొచ్చాను. అన్నీ మళ్ళీ నింపి, కూపన్లో పేరు దగ్గర అమ్మ పేరు రాసి చదివి వినిపించాను.

“నా పేరెందుకురా? చందా వస్తే చదవలేను కూడాను.”

“నేను చదువుతాలే.”

“చదువుదువుగానిలే. ముందా తొమ్మిది నిలువు మళ్ళీ చదువు. నువ్వు రాసింది నాకు నమ్మకం లేదు.”