క్లచ్ ప్లేటు మార్చుకునే హక్కు మనదే

నాట్ల అదునులో దమ్ము చేస్తుండగా ట్రాక్టరు క్లచ్ జారితే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. పోయిన సార్వాలో మా సభ్యుడొకరి పాత ట్రాక్టరుకు ఇదే జరిగింది. షోరూంకి ఫోన్ చేస్తే బండిని అక్కడికే తెమ్మన్నారు. వారం పైనే పడుతుందన్నారు. సామాను విడిగా ఇవ్వం, మా దగ్గరే వేయించుకోవాలన్నారు. వారం ఆగితే నారు ముదిరిపోతుంది. అందుకని మేము నలుగురం కలిసి, ఊరి మెకానిక్‌ను పిలిచి, చింతచెట్టు కిందే రెండు రోజుల్లో మార్చుకున్నాం.

ఇది బ్రహ్మవిద్య కాదు, అలాగని ఆటా కాదు. బ్యాటరీ తీగ తీసేసి, డీజిల్, హైడ్రాలిక్ పైపులు విప్పాం. ఇంజను పక్కకు ఒరగకుండా ముందు ఇరుసు మీద రెండు వైపులా చెక్క ఆపులు బిగించాం. ఇంజను కింద, గేర్‌బాక్సు కింద గట్టి మొద్దులు పెట్టాకే మధ్య బోల్టులు విప్పి బండిని రెండుగా విడదీశాం. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి ఎవరూ దూరలేదు. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేశాం. ప్లేటు అరగడమే కాదు, గేర్‌బాక్సు సీలు కారి నూనె కూడా పట్టింది. సీలు వదిలేసి ప్లేటు ఒక్కటే వేస్తే కొత్తదీ జారేది. సీలు, బేరింగులు కూడా మార్చాం. పాత లైనింగు దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడిచాం.

ఒక్కచోటే ఆగిపోయాం. క్లచ్ వేళ్ల ఎత్తు ఎంత పెట్టాలి? ఆ కొలత కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డీలరు దగ్గరే ఉంటుంది. మా మెకానిక్‌కు అది నోటికి తెలుసు కాబట్టి గట్టెక్కాం. ఒక మనిషి జ్ఞాపకం మీద మన పంట ఆధారపడాలా?

రైతు విప్పితే ప్రమాదమని కంపెనీలు అంటాయి. ప్రమాదమే. మరి ప్రమాదం తప్పించే పుస్తకాన్ని దాచిపెట్టడమెందుకు? మన ప్రాణాల మీద అంత ప్రేమ ఉంటే దాన్ని తెలుగులో అచ్చువేయండి!

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అందులో వ్యవసాయ యంత్రాలనూ చేర్చింది. ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. కానీ పుస్తకం, సామాను, పరికరాలు ఇచ్చి తీరాలనే చట్టం మాత్రం రాలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లోనే రైతుల కోసం అలాంటి చట్టం చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు క్లచ్ సామాను మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపించిందా? బిల్లే ఇవ్వని కొట్లో ఎలా కనిపిస్తుంది?

పాత బండి కాబట్టి పానాలతో పని జరిగింది. 2023 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కాలుష్య నిబంధనలు మారాయి, ఇంజన్లలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి. లోపం ఎక్కడుందో చూడాలంటే కంపెనీ పరికరం కావాలి. ఇప్పుడు అడగకపోతే రేపు మన పొలంలోని మన బండికి తాళం వాళ్ల చేతిలో ఉంటుంది.

అందుకే మన డిమాండ్లు ఇవి. సర్వీసు పుస్తకం తెలుగులో, ప్రతి కొనుగోలుదారుకూ ఇవ్వాలి. విడి భాగాల ధరల పట్టిక షోరూంలో గోడ మీద పెట్టాలి. తనిఖీ పరికరాలు ఊరి మెకానిక్‌కూ అమ్మాలి. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క సాకుతో వారంటీ కొట్టేయకూడదు.

మన వంతు పనీ ఉంది. క్లచ్ పెడల్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు మానుదాం. బిల్లు లేకుండా సామాను కొనొద్దు. ప్రతి మండల శాఖా ఒక పెద్ద జాకీ, మొద్దులు, పానాల సెట్టు ఉమ్మడిగా కొని ఉంచాలి. వేసవిలోనే ఒక పాత బండిని విప్పి కుర్రాళ్లకు నేర్పుదాం. అదును మన కోసం ఆగదు. మనం షోరూం కోసం ఎందుకు ఆగాలి?