కోడికన్ను

“ముక్కు నిండింది” అంటే ఏమిటండీ? మీరైనా నేనైనా పడిశం పట్టిందనే అంటాం. మా అమ్మాయీ అదే రాసింది. పరీక్ష తప్పింది.

అమ్మాయంటే మా ఆవిడ అక్కగారి కూతురు. వాళ్ళది పలాస. నర్సు చదువు పూర్తిచేసి, యిక్కడ ఉద్యోగం చేస్తూ, తార్నాకలో మా యింట్లోనే వుండి జర్మన్ నేర్చుకుంటున్నది. అక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా కుదరాలంటే సాధారణంగా బీ-2 అనే మెట్టుదాకా ఆ భాష రావాలట. రాయటం వచ్చింది, చదవటం వచ్చింది. వినే పరీక్ష దగ్గర వచ్చింది చిక్కు. ఎవరో రోగి మంచంమీదనుంచి, “నా ముక్కు నిండిపోయింది” అంటాడు. అంటే జలుబు కాదు. “విసిగిపోయాను, యింటికి పంపించండి బాబూ” అని! విడివిడిగా ప్రతి మాటా పిల్లకు తెలుసు. కలిపితే మాత్రం మనిషి చేతికి దొరకలేదు. పాఠాలకీ పరీక్షకీ కట్టిన డబ్బు మా వదినగారి గాజుల తాలూకు. అంచేత యింట్లో రెండు రోజులు ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు.

మూడోనాడు సాయంత్రం వ్యాహ్యాళికని ఉస్మానియా ఆవరణలోకి తీసుకుపోయాను. మాటల సంగతి మాట్లాడుకోటానికి అంతకన్న మంచి చోటు మన ఊళ్ళో లేదు. 1918లో ఉర్దూ బోధనాభాషగా మొదలైన విశ్వవిద్యాలయం అది. పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తేవటానికి అంతకు ముందు యేడే, 1917లో, ఒక అనువాదశాఖ పెట్టారు. పక్కనే 1958లో ఇంగ్లీషుకోసం వెలిసిన కేంద్రసంస్థ, 2007నుంచి విదేశీభాషలన్నిటికీ కలిపి కేంద్రవిశ్వవిద్యాలయమై కూర్చున్నది. శాస్త్రానికి మాటలు పుట్టించవచ్చు, పుట్టించారు కూడాను. కాని ముక్కు నిండటానికి ఏ అనువాదశాఖ యేం చేస్తుంది?

ఆర్ట్సు కాలేజీ మెట్లమీద కూర్చున్నాక అమ్మాయి నోరు విప్పింది. దాని స్నేహితురాలొకతె ముందే జర్మనీ చేరిందట. ఆ వార్డులోనే ఒక క్రొయేషియా నర్సు. 1968లో పశ్చిమజర్మనీ, యుగోస్లావియా పనివాళ్ళ ఒప్పందం చేసుకున్న దగ్గరనుంచీ వాళ్ళు అక్కడికి వలసపోతూనే వున్నారు. ఆవిడకు విసుగొస్తే ముక్కు నిండదట, “కుఫర్” నిండుతుందట! అంటే పెట్టె, మనం ప్రయాణానికి సర్దుకునే పెట్టె. మాటేమో జర్మన్‌నుంచే పోయింది. 1527 మొదలు 1918 దాకా వియన్నా చక్రవర్తుల కింద వున్న దేశం కదా, మాటలు పోకుండా వుంటాయా! పోతే పోయింది గాని, దాన్ని విసుగుతో నింపుకోవటం వాళ్ళ సొంతం.

“యింకొకటి విను బాబాయ్. జర్మన్ ముసలాయన కాలు చూపించి, ‘కోడికన్ను సలుపుతోంది’ అంటాడట. క్రొయేషియావాళ్ళకీ అది కోడికన్నే. యేమిటో చెప్పుకో.”

చెప్పలేకపోయాను. ఆనెకాయట! గుండ్రంగా, మధ్య చుక్కతో, నిజంగానే కోడి కన్నులా వుంటుంది సుమండీ. మనం యెప్పుడూ అలా చూడలేదు, మనకది కాయ. పనిచేసిన చేతులూ కాయలే కాస్తాయి.

ఆ మాట అనేసరికి పిల్లకు హుషారు వచ్చింది. క్రొయేషియాభాషలో “లిస్ట్” అంటే ఆకు. కాగితమూ అదే, వార్తాపత్రికా అదే. మోకాలి కింద వెనకవైపు కండ వున్నదే, దానికీ అదే పేరు! కాలికి ఆకేమిటని నేను నవ్వబోతే, “మనదేమిటి మరి, పిక్క కాదూ?” అన్నది. పలాస పిల్ల, జీడిపిక్కల మధ్య పెరిగింది. కాలికి ఆకు తగిలిస్తే వింతగాని, గింజ తగిలిస్తే వింత కాదు కాబోలు! జర్మన్‌లోనూ “బ్లాట్” అంటే ఆకు, కాగితం, పత్రిక. యీ పత్రిక చేతబట్టుకున్నవారు మాత్రం ఎవరినీ యెగతాళి చెయ్యకండి, పత్రమంటే ఆకేగా.

ముక్కుసూటిగా మాట్లాడేవాణ్ణి జర్మన్లు “నోటికి ఆకు అడ్డంపెట్టుకోడు” అంటారట. మన దగ్గర ఆకుకు అందకుండా పోకకు పొందకుండా మాట్లాడేవాడున్నాడు చూశారూ, సరిగ్గా అతనికి యెదురు. క్రొయేషియావాడైతే అటువంటివాడి నాలుకమీద వెంట్రుక లేదంటాడు. ఆ వెంట్రుకలే పళ్ళమీద మొలిస్తే, జర్మన్‌లో గయ్యాళి! యీ లెక్కన మన “తలలో నాలుక” విని వాళ్ళెంత హడలిపోతారో.

ఆనాటినుంచి అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. యెడమవైపు వాళ్ళ మాట, కుడివైపు మన మాట. యేదీ దొరక్కపోతే వంటింట్లోకి పోయి మా ఆవిడను అడుగుతుంది. సగం పుస్తకం అలా నిండిందే, నిఘంటువులవల్ల కాదు.

మళ్ళీ పరీక్ష రాసింది. ఫలితం రావాలి. నిన్న రాత్రి పలాసనుంచి వదినగారు ఫోను చేసి, “కబురుకోసం కళ్ళు కాయలు కాస్తున్నాయే తల్లీ” అన్నది. అమ్మాయి ఫోను పెట్టేసి నోటుపుస్తకం తెరిచింది. కుడివైపు ఆ మాట రాసుకుని, యెడమవైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నది.

“యిది ఉన్నదున్నట్టు చెపితే అమ్మను కళ్ళ డాక్టరుకు చూపించమంటారేమో బాబాయ్” అని నవ్వింది. నవ్వి, మొహం అటు తిప్పుకున్నది.